కొనే ముందే అడగాలి: మూలవాసుల నేలను తీసుకోవడానికీ కాపాడటానికీ పాటించవలసిన పద్ధతి

అడవిని కాపాడదామనో, రసాయనాలు లేని సాగు చేద్దామనో, ఒక పాఠశాలో పరిశోధనా కేంద్రమో నెలకొల్పుదామనో మంచి ఉద్దేశంతో భూమి కోసం వెతికేవారు చాలామంది ఉన్నారు. వారిలో ఎక్కువమంది పని ఒకే వరుసలో సాగుతుంది. ముందు భూమి చూస్తారు, ధర మాట్లాడతారు, అడ్వాన్సు ఇస్తారు, రిజిస్ట్రేషన్ పూర్తి చేస్తారు; అంతా అయ్యాక ప్రారంభోత్సవానికి మూలవాసీ పెద్దలను పిలిచి వేదిక మీద కూర్చోబెడతారు. ఏ నేల మీద వారి పూర్వీకులు తరతరాలుగా బతికారో, ఏ నేల నుంచి వారిని వెళ్లగొట్టారో ఆ నేల మీదే వారు అతిథులవుతారు. ఈ వ్యాసం కోరేది ఆ వరుసను మార్చమని. సముదాయాన్ని అడ్వాన్సు ఇవ్వకముందే అడగాలి. వారు వద్దంటే పని నిజంగా ఆగిపోవాలి. ఆ మాటకున్న బలం కొనుగోలు రోజుతో తీరిపోకుండా హక్కు పత్రంలోనూ, రోజువారీ నిర్వహణలోనూ, చివరకు మీరు తప్పుకునే రోజున కూడా నిలిచి ఉండాలి.

ఇది మీ ఉదారత మీద ఆధారపడిన విషయం కాదు. ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ 2007 సెప్టెంబరు 13న ఆమోదించిన మూలవాసుల హక్కుల ప్రకటన, సంప్రదాయంగా తమవైన భూములపై మూలవాసులకు హక్కు ఉందని చెప్పింది. ఆ భూములను ప్రభావితం చేసే పనులకు ముందుగా, స్వేచ్ఛగా, పూర్తి సమాచారంతో ఇచ్చే సమ్మతి కోరాలని కూడా చెప్పింది. 144 దేశాలు దానికి అనుకూలంగా ఓటు వేశాయి. వ్యతిరేకించిన నాలుగు దేశాలు, అంటే ఆస్ట్రేలియా, కెనడా, న్యూజిలాండ్, అమెరికా, తరువాత తమ వైఖరి మార్చుకున్నాయి. ప్రకటన నేరుగా చెప్పేది ప్రభుత్వాలకే అయినా, భూమి కొనే ట్రస్టుకూ సంఘానికీ వ్యక్తికీ అది సరిపోయే కొలమానమే.

ముందుగా తెలుసుకోవలసింది

లింకు డాక్యుమెంట్లు కొన్ని దశాబ్దాల వరకు సక్రమంగా ఉంటే న్యాయవాదులు సాధారణంగా తృప్తి పడతారు. మీరు అక్కడ ఆగకూడదు. ఆ గొలుసులో మొట్టమొదటి పత్రం ఏది, దానిని ఎవరు ఎవరికి ఇచ్చారు, ఇచ్చేనాటికి ఆ నేల మీద ఎవరు ఉన్నారు అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికే దాకా వెనక్కి వెళ్లాలి. చాలా చోట్ల ఆ మొదటి పత్రం ఏ ప్రభుత్వమో, ఏ వలస పాలకుడో ఇచ్చిన మంజూరు పత్రం అయి ఉంటుంది. ఆ మంజూరుకు కొద్ది కాలం ముందే అక్కడివారిని తరిమివేయడమో, వారితో చేసుకున్న ఒప్పందాన్ని తప్పడమో జరిగి ఉండవచ్చు. ఆస్ట్రేలియాలోనైతే ఆ మొదటి పత్రాలన్నిటి వెనుక ఆ ఖండం ఎవరిదీ కాని నేల అన్న సిద్ధాంతం ఉండేది. 1992లో మాబో కేసులో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానం దానిని తోసిపుచ్చింది. పత్రాలన్నీ సక్రమంగా ఉండి కూడా వాటి మూలం అన్యాయం కావచ్చని అర్థం చేసుకోవడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

పాత సర్వే పటాలు, ఒప్పంద పత్రాలు, కోర్టు తీర్పులు, జనాభా లెక్కలు చూడండి. వాగులకూ గుట్టలకూ ఉన్న పేర్లు ఏ భాషవో అడగండి. పటంలో పేరు మారినా మనుషుల నోట పాత పేరే నిలిచిన చోట్లు చాలా ఉంటాయి. ఇప్పుడు ఆ పక్కన నివసిస్తున్నవారు ఎవరన్నది ఒక ప్రశ్న, అక్కడినుంచి వెళ్లవలసి వచ్చినవారు ఎవరన్నది వేరే ప్రశ్న. రెండింటినీ అడగాలి. నేలతో సంబంధం ఉన్నవారు వందల మైళ్ల దూరంలో ఉండవచ్చు, ప్రభుత్వ జాబితాలో వారి పేరు లేకపోవచ్చు. కాలిఫోర్నియాలో 2020లో 1,199 ఎకరాల తీరప్రాంత భూమిని తిరిగి పొందిన ఎస్సెలెన్ తెగకు అమెరికా కేంద్ర ప్రభుత్వ గుర్తింపు లేదు. జాబితాను మాత్రమే నమ్ముకుని ఉంటే అక్కడ అడగవలసినవారిని ఎవరూ అడిగి ఉండేవారు కాదు.

ఒకే నేల మీద రెండు మూడు సముదాయాలకు హక్కు ఉండటం కూడా మామూలే. ఒకరు వేటకు వచ్చేవారు, ఒకరు చేపలకు వచ్చేవారు, ఒకరికి అక్కడ సమాధులు ఉంటాయి. వీరిలో ఎవరు అసలైనవారో తేల్చే పని మీది కాదు. ఎవరు సులువుగా ఒప్పుకుంటారో చూసుకుని వారితోనే మాట్లాడటం ఈ రంగంలో తరచుగా జరిగే తప్పు. దాని వల్ల పుట్టిన తగాదా మీరు వెళ్లిపోయాక కూడా వారి మధ్యనే మిగులుతుంది. అందరికీ ఒకేసారి, ఒకే సమాచారంతో లేఖ రాయండి. వారు తమలో తాము మాట్లాడుకోవడానికి సమయం ఇవ్వండి. ఆ సమయం మీ ఆర్థిక సంవత్సరంతో పొసగకపోతే మారవలసింది మీ లెక్కే.

అసలు కొనాలా?

ఈ ప్రశ్నను చాలామంది దాటేస్తారు. భూమి మీ పేరిట ఉంటేనే మంచి జరుగుతుందన్న నమ్మకాన్ని ఒకసారి పక్కన పెట్టి చూడండి. సముదాయమే కొనదలచుకుంటే, మీరు సమకూర్చిన సొమ్ము వారి చేతికిచ్చి మీరు బేరంలోనుంచి తప్పుకోవచ్చు. వారికి న్యాయవాది ఖర్చో, సర్వే ఖర్చో, కోర్టు ఖర్చో మాత్రమే కావలసి ఉండవచ్చు. అదే భూమికి వారు ఇప్పటికే ఒక దావా నడుపుతూ ఉంటే మీ కొనుగోలు ఆ దావాను బలహీనపరుస్తుంది. అటువంటప్పుడు కొనకుండా ఉండటమే మీరు చేయగల సహాయం.

చట్టం కొనవద్దని చెప్పిన చోట దారి వెతకకూడదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలోని షెడ్యూల్డ్ ప్రాంతాలలో 1959 నాటి భూబదిలీ నిబంధనలను 1970లో కఠినతరం చేశారు. జనం నోట 1/70గా నిలిచిన ఆ చట్టం ప్రకారం అక్కడి భూమిని ఆదివాసులు కానివారికి బదిలీ చేస్తే అది చెల్లదు. అమ్మేది ఆదివాసి కాకపోయినా సరే. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకా ముందుకు వెళ్లి, ఆ ప్రాంతాలలో ప్రభుత్వ భూమిని సైతం ఆదివాసేతర ప్రైవేటు సంస్థలకు లీజుకు ఇవ్వకూడదని తీర్పు చెప్పింది. అయినా ఒక ఆదివాసి పేరిట దస్తావేజు రాయించి వెనుకనుంచి నడిపించే బినామీ వ్యవహారాలు ఆగలేదు. ఆశ్రమానికనీ, మొక్కల పెంపకానికనీ అదే పని చేసేవారు తాము వ్యాపారులం కాదు కాబట్టి తప్పు లేదనుకుంటారు. తప్పు ఉంది. ఆ రక్షణను ఏ ఉద్దేశంతో తొలిచినా పడే చిల్లు ఒక్కటే.

అటువంటి ప్రాంతాలలో చేయదగిన పని వేరే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం గ్రామసభకు సాముదాయక అటవీ వనరుల మీద హక్కును, వాటిని కాపాడే అధికారాన్ని గుర్తిస్తుంది. ఆ చట్టం కింద వచ్చిన హక్కు వారసత్వంగా దక్కుతుంది కానీ దానిని అమ్మడానికీ బదిలీ చేయడానికీ వీలులేదు. మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా మెంఢా లేఖా గ్రామం 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద ఈ హక్కును పొంది, వెదురు కోతను, అమ్మకాన్ని తానే నడుపుకుంది. బయటివారు అక్కడ రాతకోతల పనిలోనూ, చట్టం చదివి వినిపించడంలోనూ తోడు నిలిచారు, నిర్ణయం మాత్రం ఊరంతా కూర్చుని ఏకాభిప్రాయంతో తీసుకుంది. గుంట భూమి కూడా కొనకుండా అడవిని కాపాడటంలో పాలుపంచుకోవచ్చు అనడానికి ఆ ఊరు సాక్ష్యం.

అడిగే తీరు

సముదాయం తరఫున మాట్లాడే అధికారం ఎవరికి ఉందో వారినే అడిగి తెలుసుకోండి. ఎన్నికైన మండలి ఒకటి ఉండవచ్చు, సంప్రదాయ పెద్దల సభ మరొకటి ఉండవచ్చు, ఆ రెండిటికీ పొసగకపోవచ్చు. మీకు పరిచయం ఉన్న ఒక యువకుడు ఇంగ్లీషులో చక్కగా మాట్లాడతాడు కాబట్టి అతని అంగీకారాన్నే సముదాయపు అంగీకారంగా రాసుకోకూడదు. ఆడవారు ఏ సభలో నోరు విప్పుతారో కనుక్కోండి. కట్టెలకూ నీళ్లకూ మందు మొక్కలకూ రోజూ ఆ నేల మీద తిరిగేవారు చాలా చోట్ల వారే, పెద్ద సభలో వెనుక వరుసలో కూర్చునేదీ వారే. వారితో విడిగా కూర్చునే ఏర్పాటు లేకుండా జరిగిన సంప్రదింపు సగమే జరిగినట్టు.

మొదటి సమావేశానికి గీసి పెట్టుకున్న ప్లాను తీసుకెళ్లవద్దు. ఫలానా చోట భూమి అమ్మకానికి వచ్చింది, మాకు ఈ ఆలోచన ఉంది, మీ మాట విన్నాకే ముందుకు వెళ్తాం, మీరు వద్దంటే మానుకుంటాం అని చెప్పడం చాలు. దాపరికం లేకుండా చెప్పవలసినవి కొన్ని ఉన్నాయి. ధర ఎంత, డబ్బు ఎవరిది, అప్పు ఏమైనా ఉందా, దాతలు పెట్టిన షరతులు ఏమిటి, నేలలో కాలుష్యం ఉన్నట్టు అనుమానం ఉందా, మీరు ఆశిస్తున్న లాభం ఏమిటి. ఇవన్నీ వారి భాషలో, వారు నమ్మే అనువాదకుడి ద్వారా, కాగితం మీద కూడా ఇవ్వాలి. సమావేశానికి వచ్చినవారు ఆ రోజు కూలి పోగొట్టుకుని వస్తారు. ప్రయాణ ఖర్చు, రోజు భత్యం, వారు ఎంచుకున్న న్యాయవాది రుసుము మీ బడ్జెట్‌లో మొదటి పద్దుగా ఉండాలి. అవి వారి జవాబుతో సంబంధం లేకుండా చెల్లించవలసిన ఖర్చులు. ఒప్పుకుంటేనే ఇస్తామనడం ప్రలోభం అవుతుంది.

స్వేచ్ఛగా అంటే పోలీసు, అధికారి, అప్పు ఇచ్చినవాడు పక్కన నిలబడి ఉండగా కాదు. ముందుగా అంటే యంత్రాలు దిగకముందు అని మాత్రమే కాదు, మీ మనసులో నిర్ణయం గట్టిపడకముందే అని. సమాచారంతో అంటే ముప్పై పేజీల నివేదిక అందజేయడం కాదు, దానిలోని నష్టాన్ని వినేవారు తమ మాటల్లో తిరిగి చెప్పగలగడం. సమ్మతి అన్న మాట గురించి ఒక్కటే చెప్పాలి: వద్దు అనే జవాబు రావడానికి వీలులేని ప్రశ్నకు వచ్చిన అవును సమ్మతి కాదు. ఒడిశాలోని నియమగిరి విషయంలో 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, బాక్సైటు గని ఆదివాసుల మతపరమైన, సాంస్కృతిక హక్కులకు భంగం కలిగిస్తుందా అన్న ప్రశ్నను గ్రామసభల ముందు ఉంచమంది. ఆ ఏడాది 12 గ్రామసభలు కూర్చున్నాయి, పన్నెండూ గనిని తిరస్కరించాయి, తరువాత కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి నిరాకరించింది. కొండ నిలిచింది. ప్రశ్నకు ఆ బలం ఉండటం వల్లే ఆ జవాబుకు విలువ వచ్చింది. మీరు వేసే చిన్న ప్రశ్న వెనుక కూడా అంత బలం ఉండాలి.

జవాబు రాకపోవడాన్ని అంగీకారంగా తీసుకోకూడదు. ఉత్తరానికి మూడు నెలలు జవాబు లేకపోతే దానికి కారణం తీరిక లేకపోవడం కావచ్చు, మరణం కావచ్చు, ఇంతకు ముందు వచ్చినవారు చేసిన మోసం గుర్తుండటం కావచ్చు. మళ్లీ అడగండి, వేరే తీరులో అడగండి, అడగడం ఎప్పుడు మానాలో కూడా అడగండి.

అమ్మకందారుతో ఒప్పందం

సముదాయం సరే అన్నాకే అమ్మకందారుతో రాతపూర్వక ఒప్పందానికి వెళ్లాలి. కొన్నిసార్లు భూమి వేరేవారికి పోతుందన్న భయంతో ముందే ఏదో ఒకటి రాసుకోవలసి వస్తుంది. అప్పుడు కూడా, ఫలానా సముదాయపు సమ్మతి గడువులోగా రాకపోతే ఒప్పందం రద్దై అడ్వాన్సు తిరిగి రావాలన్న నిబంధన పెట్టించుకోండి. అమ్మకందారు దానికి ఒప్పుకోకపోతే ఆ అడ్వాన్సును పోగొట్టుకోవడానికి సిద్ధపడి మాత్రమే ఇవ్వండి. డబ్బు ఇరుక్కుపోయిందన్న కారణంతో సముదాయం మీద తొందర పెట్టేవారిని ఎక్కువగా చూస్తాం. ఆ భారం మోయవలసింది మీరు, వారు కాదు.

నేల పరీక్షను ధర ఖరారు కాకముందే చేయించాలి. ఇక్కడ ఒక ఉదాహరణను దగ్గరగా చూడటం అవసరం. కాలిఫోర్నియాలో హంబోల్ట్ ఖాతంలో ఉన్న టులువాట్ అనే దీవి వియోట్ ప్రజలకు ప్రపంచ కేంద్రం. 1860 ఫిబ్రవరిలో ప్రపంచాన్ని పునరుద్ధరించే తమ ఉత్సవానికి వారు అక్కడ చేరినప్పుడు, రాత్రివేళ తెల్ల వలసదారులు వచ్చి నిద్రిస్తున్న స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపారు. తరువాత ఆ దీవి మీద ఓడలు మరమ్మతు చేసే ఒక యార్డు నడిచింది. 2000 సంవత్సరంలో వియోట్ తెగ స్వయంగా విరాళాలు పోగుచేసి 1,06,000 డాలర్లకు అక్కడ ఎకరంన్నర కొనుక్కుంది. వారి చేతికి వచ్చింది శతాబ్దాల నాటి ఆల్చిప్పల దిబ్బ, దాని మీద యార్డు వదిలిపోయిన విషరసాయనాలు, తుప్పు, చెత్త. ఏళ్ల తరబడి వారే దానిని శుభ్రం చేయించారు. 2004లో ఆ ఖాతం ఒడ్డునే ఉన్న యురేకా నగరం దీవిలో 40 ఎకరాలకు పైగా తిరిగి ఇచ్చింది. 2014లో, ఆగిపోయిన ఆ ఉత్సవాన్ని వారు అక్కడే మళ్లీ జరుపుకున్నారు. 2019 అక్టోబరులో నగరం తన చేతిలో మిగిలిన సుమారు 200 ఎకరాలు కూడా వారికి రాసిచ్చింది.

ఈ కథను భూమి తిరిగి వచ్చిన సంతోషం కోసం చెబుతారు, అది నిజమే. కానీ భూమిని చేతులు మార్చేవారు దానిలో ఇంకొక లెక్కను చూడాలి. తమనుంచి లాక్కున్న నేలకు వారే వెల కట్టారు, వేరొకరు పోసిన విషాన్ని వారే తీయించారు. మీ ఒప్పందంలో శుద్ధి ఖర్చు అమ్మకందారు మీదనో మీ మీదనో పడాలి. కలుషితమైన భూమిని కానుక అని పేరు పెట్టి బదిలీ చేస్తే దానితో పాటు చట్టపరమైన బాధ్యత కూడా సముదాయం నెత్తిన పడుతుంది.

హక్కు ఎవరి పేరిట ఉండాలి

నా అభిప్రాయంలో మొదట పరిశీలించవలసింది పూర్తి హక్కును, షరతులు లేకుండా, సముదాయపు పేరిట రాయడం. అది సాధ్యం కాదని తేలాకే మిగతా రూపాల గురించి ఆలోచించాలి. భూమి వారి పేరిట ఉండి, దానిని చీల్చి అమ్మకూడదన్న సంరక్షణ నిబంధనను మరో సంస్థ పర్యవేక్షించడం ఒక రూపం. ఉత్తర కాలిఫోర్నియాలో రెడ్‌వుడ్ అడవులను కాపాడే ఒక సంస్థ 523 ఎకరాలు కొని, పది తెగల కూటమి అయిన సింక్యోన్ మండలికి రాసిచ్చిన విషయం 2022 జనవరిలో వెల్లడైంది. మండలి తన వైపు నుంచి సంరక్షణ నిబంధనను ఆ సంస్థకు రాసిచ్చింది, చేపలు పరుగెత్తే చోటు అని అర్థం వచ్చే తమ భాషా నామాన్ని ఆ నేలకు తిరిగి పెట్టుకుంది. భూమి మీ పేరిట ఉంటూ, వారికి ప్రవేశం, సేకరణ, ఉత్సవాలు, నిర్వహణ మీద శాశ్వత హక్కు రాయడం ఇంకొక రూపం. కాలిఫోర్నియాలోని ఓక్లండ్ నగరం 2022లో సుమారు ఐదు ఎకరాల కొండవాలును ఈ పద్ధతిలో ఒహ్లోనీ ప్రజలకు అప్పగించింది.

కౌలు అయితే ఇంకా జాగ్రత్త. 1985 అక్టోబరు 26న ఆస్ట్రేలియా ప్రభుత్వం ఆ దేశం నడిబొడ్డున ఉన్న ఉలురు అనే మహాశిలను అనంగు ప్రజలకు తిరిగి ఇచ్చి, అదే రోజున 99 ఏళ్ల కౌలుకు తాను తిరిగి తీసుకుంది. ఆ రాయి ఎక్కవద్దని అనంగు పెద్దలు పర్యాటకులను ఏళ్ల తరబడి అభ్యర్థిస్తూ వచ్చారు. ఎక్కడాన్ని నిషేధించింది 2019 అక్టోబరు 26న, అంటే హక్కు పత్రం చేతికి వచ్చిన 34 ఏళ్లకు. పత్రంలో యజమాని అని రాసి ఉన్నంత మాత్రాన వద్దు అనే మాట చెల్లుబాటు కాదనడానికి ఇది గుర్తు. మీరు రాసే ప్రతి షరతు దగ్గర ఆగి, రేపు వారు దేనినైనా ఆపదలచుకుంటే ఈ వాక్యం వారికి అడ్డం వస్తుందా అని చదవండి.

యాజమాన్యం మీద ఏకాభిప్రాయం రాకపోయినా పని మొదలుపెట్టవచ్చు. 1993లో కెనడా ప్రభుత్వం, హైడా ప్రజలు గ్వాయ్ హానాస్ దీవుల గురించి చేసుకున్న ఒప్పందంలో, ఆ నేల ఎవరిదన్న దానిపై ఇద్దరి అభిప్రాయాలనూ పక్కపక్కన రెండు వరుసలలో రాసుకున్నారు. భేదం తీరలేదని ఒప్పుకుంటూనే, సమాన సంఖ్యలో సభ్యులున్న మండలి ద్వారా కలిసి నిర్వహించడానికి అంగీకరించారు. భేదాన్ని తియ్యటి మాటల కింద కప్పిపెట్టకపోవడం ఆ పత్రంలో నాకు అన్నిటికంటే నచ్చిన గుణం. న్యూజిలాండ్‌లో 2014లో తె ఉరెవెరా అడవి జాతీయ ఉద్యానం హోదా వదిలి చట్టం దృష్టిలో తానే ఒక వ్యక్తి అయింది. దాని మండలిలో మొదట తూహోయి ప్రజలకూ ప్రభుత్వానికీ సమాన స్థానాలు ఉండేవి. మూడేళ్ల తరువాత తూహోయిలకు ఆధిక్యం వచ్చేలా చట్టంలోనే రాశారు. నమ్మకం కుదిరాక చూద్దాం అని గాలిలో వదిలేయకుండా, అధికారం ఏ తేదీన ఎంత మారుతుందో ముందే రాయడం అనుసరించదగిన పద్ధతి.

ఏ రూపమైనా భూమితో పాటు నిధి ఉండాలి. పన్ను, బీమా, దారుల మరమ్మతు, కాపలా, పనిచేసేవారి జీతం ఏటా వచ్చే ఖర్చులు. నిధి లేని బదిలీ రెండు మూడేళ్లలో భూమిని అమ్ముకోక తప్పని స్థితికి తేవచ్చు.

నేలను చూసుకోవడం

ప్రణాళిక కాగితం మీద మొదలుపెట్టకుండా నడకతో మొదలుపెట్టండి. సముదాయం ఎంచుకున్న పెద్దలతో, పిల్లలతో కలిసి హద్దు పొడవునా నడిస్తే, సర్వేయరు పటంలో పొద అని గుర్తు పెట్టిన చోట ఒక పెద్దామె ఆగి వంగవచ్చు. బుట్టలు అల్లే కాడలు అక్కడే నిటారుగా, గణుపు లేకుండా ఎదుగుతాయి. ప్రతి రెండు మూడేళ్లకు కోయకపోతేనో, తక్కువ మంటతో కాల్చకపోతేనో కాడ వంకరపోయి పెళుసవుతుంది. ఎవరూ ముట్టని అడవే మంచి అడవి అని నమ్మేవారు ఆ పొదకు కంచె వేసి, కోయడం నిషేధమని బోర్డు పెడతారు. నాలుగేళ్లలో అక్కడ అల్లికకు పనికివచ్చే కాడ ఒక్కటీ మిగలదు. ఆ పొదను అన్నాళ్లూ బతికించింది ఆ కోతే అని వారికి తెలియదు.

నిప్పు విషయమూ అంతే. ఉత్తర ఆస్ట్రేలియాలో మూలవాసులు పొడి కాలం మొదట్లో, పచ్చిక ఇంకా కొంత తడిగా ఉండగానే, ముక్కలు ముక్కలుగా చిన్న మంటలు పెట్టేవారు. వారిని నేలనుంచి దూరం చేశాక పొడి కాలం చివర పెద్ద మంటలు విజృంభించాయి. పశ్చిమ ఆర్నెమ్ ల్యాండ్‌లో 2006లో మొదలైన కార్యక్రమం పాత పద్ధతిని తిరిగి తెచ్చి మంటల పొగను తగ్గించింది, ఆ తగ్గింపుకు ఒక గ్యాస్ సంస్థ సొమ్ము చెల్లించింది. అంటే ఈ జ్ఞానం జీతం ఇచ్చి నియమించుకోవలసిన నైపుణ్యం. ఉచితంగా దొరికే సలహాగా దానిని చూడకూడదు. మీ సంరక్షణ పనికి ఉద్యోగాలు ఉంటే మొదటి అవకాశం, నిర్ణయించే స్థానాలతో సహా, వారికే ఉండాలి.

చెప్పనివి కూడా ఉంటాయి. సమాధుల చోటు, మందు మొక్క దొరికే వాలు, ఫలానా కథ జరిగిన గుహ గురించి మీకు చెప్పకపోతే గుచ్చి అడగకండి. అటువైపు వెళ్లవద్దంటే కారణం అడగకుండానే ప్రణాళికలో ఖాళీ వదలండి. వారు చెప్పినవాటిని నమోదు చేసినా ఆ పటాలు, రికార్డింగులు, మొక్కల జాబితాలు ఎవరి దగ్గర ఉండాలో, ఎవరు చూడవచ్చో, ఎప్పుడు చెరిపేయాలో వారే నిర్ణయించాలి. జీపీఎస్ స్థానంతో సహా ఒక ఫొటో బయటికి వస్తే మందు మొక్కల వాలు నెలలో ఖాళీ అవుతుంది. మొక్కల జ్ఞానం వ్యాపారానికి వెళ్లే అవకాశం ఉంటే, 2010 నాటి నగోయా అంతర్జాతీయ ఒప్పందం చెప్పే ముందస్తు సమ్మతి, లాభంలో వాటా అన్న రెండు సూత్రాలను రాతలో పెట్టుకోండి.

సంరక్షణ పేరిట మనుషులను బయటికి పంపే ఆలోచన ఎక్కడ తలెత్తినా ఆపండి. కెన్యాలో బొగోరియా సరస్సు చుట్టూ అభయారణ్యం కోసం 1970లలో ఎండొరొయి ప్రజలను ఖాళీ చేయించారు. ఆఫ్రికా మానవ హక్కుల కమిషన్ ఆ చర్య వారి భూమి హక్కును, మతాన్ని, సంస్కృతిని ఉల్లంఘించిందని తేల్చిన తీర్పు 2010లో వెలువడింది. అంటే న్యాయం మాట రూపంలో రావడానికే దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది.

మాట కలవనప్పుడు, మీరు తప్పుకునేటప్పుడు

మీకు నచ్చని నిర్ణయం వారు తీసుకునే రోజు వస్తుంది. అడవి అంచున ఇళ్లు కట్టుకుంటామంటారు, కొంత కలప అమ్ముతామంటారు, మీ సంస్థ బోర్డు తీసేయమంటారు. పూర్తి హక్కు వారిదైతే అది వారి ఇష్టం, మీ అభిప్రాయం అడిగితే చెప్పవచ్చు. ఉమ్మడి నిర్వహణ అయితే తగాదా ఎవరి ముందుకు వెళ్తుందో ముందే రాసుకోవాలి. మొదట ఇద్దరూ ఎంచుకున్న మధ్యవర్తి దగ్గరకు, అదీ వారి భాషలో, వారి ఊళ్లో. ఏటా ఒక రోజు ఒప్పందాన్ని మొత్తం చదివి, మార్చవలసినది మార్చుకునే ఏర్పాటు పెట్టుకుంటే చాలా తగాదాలు అక్కడికి చేరవు.

మీ సంస్థ మూతపడినా, మీరు చనిపోయినా భూమి ఏమవుతుందన్నది మొదటి రోజునే పత్రంలో ఉండాలి. భూమి ఇంకా మీ పేరిట ఉంటే, అమ్మే పరిస్థితి వచ్చినప్పుడు మొదట కొనే హక్కు సముదాయానికి ఉండాలి. ఆ ధర అప్పటి మార్కెట్ ధర అయితే ఆ హక్కు కాగితానికే పరిమితం. మీరు కొన్న ధరకో, నామమాత్రపు ధరకో ఇస్తామని రాయండి. మీ వారసులు, మీకు అప్పు ఇచ్చిన బ్యాంకు ఈ నిబంధనకు కట్టుబడేలా దానిని రిజిస్టరు చేయించండి, విల్లులో కూడా అదే రాయండి. విడిగా రాసుకున్న స్నేహపూర్వక ఉత్తరాలు కోర్టులో నిలవవు.

రిజిస్ట్రేషన్ పూర్తయిన రోజున పత్రాల నకళ్లు, పటాలు, నేల పరీక్ష నివేదిక, లెక్కల పుస్తకం ఒక కట్టగా వారి కార్యాలయంలో కూడా ఉంచండి, వారి భాషలో ఒక సారాంశం జతచేయండి. గేటుకు తాళం ఉంటే దాని తాళంచెవులలో సగం ఆ సాయంత్రమే వారి చేతికి ఇవ్వండి. ఎప్పుడు వస్తారో, ఎందుకు వస్తారో మీకు ముందుగా తెలియజేయవలసిన అవసరం వారికి లేదని ఒప్పందంలో ఒక వాక్యం రాసి ఉంచండి.